సాఫ్ట్‌వేర్ కంటపడని పేజీలు

(పరిశోధక విద్యార్థులు, పర్యవేక్షకుల కోసం ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఏర్పాటు చేసిన సదస్సులో ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

సిద్ధాంత గ్రంథం సమర్పించే రోజుల్లో మా విభాగానికి వచ్చే పరిశోధక విద్యార్థులు ముందుగా అడిగే మాట ఒకటే. "ఎంత వచ్చింది సార్?" గ్రంథచౌర్యాన్ని పసిగట్టే సాఫ్ట్‌వేర్‌లో వాళ్ల గ్రంథం ఇతర రచనలతో ఎంత శాతం సరిపోలిందని అడగడం అది. నాలుగు శాతం అంటే ఊపిరి పీల్చుకుంటారు. పదమూడు అంటే ముఖం వాడిపోతుంది. తెలుగులో రాసిన గ్రంథాలకైతే ఒకటి, రెండు, ఒక్కోసారి సున్నా కూడా వస్తుంది. సున్నా వచ్చిన రిపోర్టును పటం కట్టించుకునేంత ఆనందంగా తీసుకువెళ్లేవాళ్లను చూశాను. వాళ్లలో చాలామంది నిజాయితీగా కష్టపడి రాసినవాళ్లే. కానీ ఆ నిజాయితీకి రుజువు ఆ సున్నా కాదు. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది ఇదే.

సున్నా అంటే ఏమిటి? మీరిచ్చిన ఫైలును సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న రచనల నిల్వతో పోల్చి చూసింది, ఆ నిల్వలో దీనితో సరిపోలే వాక్యాలు కనిపించలేదు. అంతవరకే. నిల్వలో లేని పేజీ గురించి అది ఏమీ చెప్పలేదు. నిల్వలో ఉండి కూడా తాను చదవలేని పేజీ గురించి అసలే చెప్పలేదు. తెలుగుకు సంబంధించి ఈ రెండో రకం ఎంత పెద్దదో చాలామందికి తెలియదు.

ముందు మన దగ్గర నడుస్తున్న ఏర్పాటు గురించి రెండు మాటలు. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, 2018లో గ్రంథచౌర్య నివారణ నిబంధనలు తెచ్చింది. సారూప్యం పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై లోపు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాదిపాటు సమర్పించడానికి వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. 2019లో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ శోధ్‌శుద్ధి అనే పథకం ద్వారా విశ్వవిద్యాలయాలకు ఈ సాఫ్ట్‌వేర్‌ను అందుబాటులోకి తెచ్చింది. మొదట స్వీడన్‌కు చెందిన ఉర్‌కుండ్ వచ్చింది. అది జర్మనీ కంపెనీతో కలిసి ఒరిజినల్ అనే పేరు పెట్టుకుంది. దాన్ని 2021లో ఇదే రంగంలోని అమెరికా కంపెనీ టర్నిటిన్ కొనేసింది. తర్వాత మన దేశానికే చెందిన డ్రిల్‌బిట్ వచ్చింది. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో నిల్వ ఉంటుంది. ఒకే గ్రంథాన్ని ఒకే రోజు రెండింటిలో పెడితే రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. అంకె మారినా గ్రంథం మారలేదు కదా!

పర్యవేక్షకులు నన్ను తరచుగా నిలదీసే ప్రశ్న ఇది. "ఈ పేరా గూగుల్‌లో కొడితే వెంటనే దొరికింది. లక్షలు పోసి తెచ్చిన సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు దొరకలేదు?" న్యాయమైన ప్రశ్నే. సాఫ్ట్‌వేర్ మీ ఫైలు తీసుకుని అప్పటికప్పుడు ఇంటర్నెట్ అంతా గాలించదు. ముందే ఒక ప్రోగ్రాము వెబ్ మీద తిరిగి, తెరుచుకున్న పేజీలను సేకరించి పెడుతుంది. అది ఎప్పుడు వెళ్లింది, ఏ తలుపు తెరుచుకుంది, ఏ తలుపు తెరుచుకోలేదు అన్నదే అసలు సంగతి. చాలా వెబ్‌సైట్లకు ఇలాంటి ప్రోగ్రాములకు సూచనలిచ్చే ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఈ పద్ధతి 1994 నుంచి ఉంది. గూగుల్ వస్తే పాఠకులు వస్తారు కాబట్టి చాలా సైట్లు గూగుల్‌ను రానిస్తాయి. తక్కినవాటిని వద్దంటాయి. కృత్రిమ మేధ కంపెనీలు వెబ్‌ను తవ్విపోయడం మొదలయ్యాక ఈ వద్దనడం మరీ పెరిగింది. కాబట్టి గూగుల్‌కు దొరికేది సాఫ్ట్‌వేర్‌కు దొరక్కపోవడంలో వింత లేదు.

చందా కడితే తప్ప తెరుచుకోని పత్రికలు, లాగిన్ అయితే తప్ప కనిపించని పేజీలు, కిందికి జరుపుతూ పోతేనే వచ్చే వ్యాసాలు కూడా అలాగే తప్పిపోతాయి. పరిశోధన పత్రికలను ప్రచురించే పెద్ద సంస్థలతో సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఒప్పందాలున్నాయి. అందువల్ల ఇంగ్లీషు సైన్సు వ్యాసాల విషయంలో కొంత నయం. తెలుగులో సాహిత్య పత్రిక నడిపే ఇద్దరు ముగ్గురు మిత్రులతో ఏ కంపెనీ ఒప్పందం చేసుకుంటుంది?

ఇక ఫేస్‌బుక్. తెలుగులో ఈ పదిహేనేళ్లలో వచ్చిన మంచి సాహిత్య చర్చ, స్థానిక చరిత్ర, కులవృత్తుల జ్ఞాపకాలు, పాత పుస్తకాల పరిచయాలు ఎక్కడున్నాయో మీకు తెలుసు. చాలా భాగం ఫేస్‌బుక్ గోడల మీద ఉంది. మరికొంత వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లుగా తిరుగుతోంది. యూట్యూబ్‌లో గంటల తరబడి ప్రసంగాలున్నాయి. ఒక పెద్దాయన తన ఊరి గుడి శాసనం గురించి నలభై నిమిషాలు మాట్లాడిన వీడియోను విని, ఆయన పేరు ఎత్తకుండా ఒక అధ్యాయం రాస్తే ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. అక్కడ పోల్చడానికి అక్షరమే లేదు. ఆ పెద్దాయన శ్రమ మాత్రం పోయింది.

పేజీలు చనిపోవడం ఇంకొకటి. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో ఒక అధ్యయనం ప్రకటించింది. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదని తేల్చింది. తెలుగు బ్లాగులు ఉధృతంగా వచ్చిన కాలం మీకు గుర్తుండే ఉంటుంది. వాటిలో ఎన్ని మిగిలాయి? సైటు అద్దె కట్టక పోయినవి కొన్ని, రాసినవాళ్లు కాలం చేయడంతో పోయినవి కొన్ని. అప్పట్లో ఎవరో తమ కంప్యూటర్‌లో దాచుకున్న వ్యాసం ఈ రోజు సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయంగా తేలితే, పోల్చి చూడడానికి మూలం ఎక్కడా ఉండదు.

ఇంతవరకు చెప్పినవి ఏ భాషకైనా ఉన్న ఇబ్బందులే. తెలుగుకు మాత్రమే ప్రత్యేకమైనవి, కనీసం భారతీయ భాషలకు ప్రత్యేకమైనవి ఇప్పుడు చెబుతాను. వీటి మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

తెరమీద ఈ పీడీఎఫ్ చూడండి. ఒక తెలుగు పత్రికలో వచ్చిన వ్యాసం. చదవడానికి ఏ ఇబ్బందీ లేదు, అచ్చు బాగుంది. ఇప్పుడు మొదటి పేరాను ఎంచుకుని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడుతున్నాను. ఏమొచ్చింది? ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు, అర్థం లేని చుక్కలు. తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు. ఎందుకంటే దీన్ని అను ఫాంట్లలో టైపు చేశారు. ఇలాంటి ఫాంట్లలో కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల స్థానాలనే. వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు. కంటికి తెలుగు, యంత్రానికి గందరగోళం. సాఫ్ట్‌వేర్ చదివేది మీరు నోట్‌ప్యాడ్‌లో చూస్తున్న ఈ రెండోదాన్ని.

అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో స్థిరమైన సంఖ్య ఇచ్చే ప్రపంచ ప్రమాణం యూనికోడ్. తెలుగుకు దానిలో చోటు 1991లోనే దొరికింది. అయినా మన డీటీపీ కేంద్రాల్లో, అచ్చు రంగంలో పాత ఫాంట్లే రాజ్యమేలాయి. ఇప్పటికీ పుస్తకాలు, పత్రికలు, విశ్వవిద్యాలయాలకు వచ్చే సిద్ధాంత గ్రంథాలు వాటిలో టైపవుతూనే ఉన్నాయి. దినపత్రికల వెబ్‌సైట్లు కూడా చాలాకాలం సొంత ఫాంట్లతో నడిచాయి. ఆనాటి పేజీలు ఎక్కడైనా మిగిలి ఉన్నా యంత్రానికి అవి తెలుగు పేజీలు కావు.

దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. విద్యార్థి అను ఫాంట్‌లో టైపు చేయించిన గ్రంథాన్ని అలాగే సాఫ్ట్‌వేర్‌లో పెడితే సున్నా రాక ఇంకేమి వస్తుంది? యూనికోడ్‌లో ఉన్న మూలంలో అలాంటి అక్షరాల వరుస ఉండదు కాబట్టి సున్నా వస్తుంది. విద్యార్థి యూనికోడ్‌లోనే రాసి, మూలం అను ఫాంట్‌లో ఉన్నా అదే సంగతి. మూలం స్కాన్ చేసిన పుస్తకమైతే ఇంకా చెప్పక్కర్లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో వేలకొద్దీ తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. ఇప్పుడు అవి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. మన భాషకు జరిగిన గొప్ప మేళ్లలో ఇదొకటి అని నేను నమ్ముతాను. కానీ అవి చాలావరకు బొమ్మలు. పేజీ ఫొటో ఉంటుంది, అక్షరాలు ఉండవు. ఓసీఆర్ చేసినవాటిలో, అంటే బొమ్మలోని అక్షరాలను యంత్రం చేత గుర్తింపజేసినవాటిలో కూడా వత్తులు ఎగిరిపోయి, గుడులు దీర్ఘాలై, పాత అచ్చు చదవలేక తప్పుల తడకగా ఉంటాయి. 1930లలో వచ్చిన ఒక విమర్శ వ్యాసాన్ని అక్కడినుంచి తీసుకుని, గ్రాంథికాన్ని వ్యావహారికంలోకి మార్చి పెట్టుకుంటే, ఇంటర్నెట్‌లో అందరి కళ్లముందూ ఉన్న మూలం సాఫ్ట్‌వేర్‌కు మాత్రం లేనట్టే.

సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగలో కూడా ఇదే బాధ. పిహెచ్‌డి గ్రంథాలన్నీ ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలని 2009 నుంచి నియమం ఉంది. మన తెలుగు శాఖల గ్రంథాలు అక్కడ చాలా ఉన్నాయి. తెరిచి కాపీ చేసి చూడండి. కొన్ని స్కాన్ చేసిన బొమ్మలు, కొన్ని పాత ఫాంట్లు. పదిహేనేళ్ల కిందట ఇదే అంశం మీద ఇంకో విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన మన కళ్లకు కనిపిస్తూనే యంత్రానికి కనిపించదు.

సరే, రెండు వైపులా యూనికోడే ఉందనుకుందాం. అప్పుడైనా దొరుకుతుందా? దానికి సాఫ్ట్‌వేర్ పోల్చే తీరు కొంచెం తెలియాలి. కంపెనీలు తమ పద్ధతిని పూర్తిగా బయటపెట్టవు. మూలసూత్రం మాత్రం అందరికీ తెలిసిందే. రచనను కొన్ని వరుస పదాల ముక్కలుగా, లేదా వరుస అక్షరాల ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్కను ఒక సంఖ్యగా మారుస్తారు. అన్ని సంఖ్యలనూ దాచడం భారం కనుక కొన్నింటిని ఎంచుకుని, వాటినే ఆ రచనకు వేలిముద్రలుగా ఉంచుతారు. అలెక్స్ ఐకెన్, మరో ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 2003లో ఈ ఎంపికకు ఒక చక్కని పద్ధతి ప్రతిపాదించారు. ఒక నిర్ణీత పొడవుకు మించి పోలిక ఉంటే తప్పక దొరుకుతుందని దానిలో హామీ ఉంది. అంతకంటే చిన్నదైతే హామీ లేదు. జల్లెడ కన్నుకన్నా సన్నని నూక కిందికి జారినట్టే అది జారిపోతుంది.

ఇప్పుడు ఒక తెలుగు వాక్యం తీసుకుందాం. "వ్యావహారిక భాషోద్యమం తెలుగు పాఠ్యపుస్తకాల స్వరూపాన్నే మార్చివేసింది." ఆరు పదాలు. దీన్ని ఇలా మారుస్తాను. "వ్యావహారిక భాషా ఉద్యమం వల్ల తెలుగు పాఠ్య పుస్తకాల స్వరూపమే మారిపోయింది." నేను ఏమి ఆలోచించాను? ఏమీ ఆలోచించలేదు. ఒక సంధి విడదీశాను, ఒక సమాసం మధ్య ఖాళీ పెట్టాను, ఒక విభక్తి మార్చాను, క్రియను సకర్మకం నుంచి అకర్మకం చేశాను. పదో తరగతి పిల్లలు కూడా చేయగల పని. కానీ యంత్రానికి ఆరింటిలో నాలుగు పదాలు మాయమయ్యాయి. తెలుగులో ప్రత్యయం పదానికి అంటుకుని ఉంటుంది. ఒక్క ప్రత్యయం మారితే పదమే మారినట్టు లెక్క. ఇంగ్లీషు కోసం తయారైన జల్లెడ మన భాషకు పనికిరాకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

యూజీసీ నిబంధనల్లో ఇంకో మాట ఉంది. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసిన మాటలు వరుసగా 14 పదాల దాకా ఉంటే లెక్కలోకి తీసుకోనక్కర్లేదని. ఇంగ్లీషులో పద్నాలుగు పదాలంటే ఒక మామూలు వాక్యం. తెలుగులో పద్నాలుగు పదాలంటే రెండు నిండు వాక్యాలు కావచ్చు. అదే అంకెను తెలుగు గ్రంథానికి యథాతథంగా వర్తింపజేసి సాఫ్ట్‌వేర్‌లో బిగిస్తే, రెండేసి వాక్యాల చొప్పున ఎత్తి రాసిన అధ్యాయం కూడా ఏ మచ్చా లేకుండా తప్పించుకుంటుంది. ఈ సంగతి ఆలోచించకుండా మనం అంకెలను నమ్ముతున్నాం. భాషను బట్టి ఈ కొలత మారాలని తెలుగు శాఖలు గట్టిగా అడగాలి. ఇంతవరకు ఎవరైనా అడిగారని నేను వినలేదు.

కంటికి కనిపించని తేడాలు కూడా ఉన్నాయి. హైదరాబాద్ అనే మాట చూడండి. చివర పొల్లు ద. కొందరు టైపు చేసేటప్పుడు ఆ పొల్లు తర్వాత నాన్‌జాయినర్ అనే అదృశ్య సంకేతం పడుతుంది. తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఉండడానికి దాన్ని వాడతారు. పక్కన ఖాళీ వస్తే దాని అవసరం లేకపోయినా కొన్ని పత్రికల్లో, కొన్ని కీబోర్డుల్లో అది పడుతూనే ఉంటుంది. తెరమీద రెండు హైదరాబాదులూ ఒకేలా ఉంటాయి. యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. ఐత్వాన్ని కూడా యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే సంకేతంగా ఒక పద్ధతి, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి ఇంకో పద్ధతి. చూపుకు తేడా తెలియదు. పోల్చే ముందు వీటన్నిటినీ ఒక తీరుకు తెచ్చే పని సాఫ్ట్‌వేర్ చేస్తే ఇబ్బంది లేదు. చేస్తోందో లేదో మీరే పరీక్షించవచ్చు. మధ్యాహ్నం మీ చేత ఆ పరీక్ష చేయిస్తాను.

ఇవి తెలియక జరిగేవి. తెలిసి చేసేవాళ్లు కూడా ఉన్నారు. ఇంగ్లీషు రచనలో కొన్ని అక్షరాల బదులు అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరాలు పెట్టడం పాత ఎత్తుగడ. దాన్ని చాలా సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు పసిగడుతున్నాయి. తెలుగు, కన్నడ లిపుల్లో దాదాపు ఒకేలా ఉండే అక్షరాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అటువైపు ఎవరు కాపలా ఉన్నారు?

అనువాదం విషయానికి వస్తున్నాను. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో వచ్చింది. మొదట్లో నవ్వు తెప్పించే అనువాదాలు వచ్చేవి. ఇప్పుడు కాస్త సరిచేసుకుంటే చాలు. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసి పెట్టుకోవడం ఒక దారి. దీనికి ఎదురుదారి మరీ ప్రమాదం. తెలుగు సాహిత్యం మీద ఇంగ్లీషులో పరిశోధన చేసేవారు తెలుగు విమర్శకుల వ్యాసాలను ఇంగ్లీషు చేసి తమ విశ్లేషణగా చూపిస్తే, పరీక్షకుడు తెలుగు రానివారైతే, దాన్ని పట్టుకునే మార్గం దాదాపు లేదు. ఏళ్ల తరబడి ఒక కవి మీద పనిచేసిన తెలుగు అధ్యాపకుడి ఆలోచన ఇంకొకరి పేరుతో ఇంగ్లీషులో అచ్చవుతుంది, తర్వాత అదే మూలంగా నిలబడుతుంది. ఆయన పేరు ఎక్కడా ఉండదు. భాష మారినంత మాత్రాన దొంగతనం చిన్నదవుతుందా?

డెబోరా వెబర్ వుల్ఫ్ బెర్లిన్‌లో ఆచార్యురాలిగా పనిచేశారు. 2004 నుంచి ఈ సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తూ వచ్చారు. ఆమె, వివిధ దేశాలకు చెందిన మరికొందరు కలిసి పదిహేను సాఫ్ట్‌వేర్లను ఎనిమిది భాషల్లో పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. యథాతథంగా ఎత్తిపెట్టినదాన్ని కొన్ని బాగానే పట్టుకున్నాయి, కొన్ని దాన్నీ వదిలేశాయి. మాటలు మార్చి రాసినదాని దగ్గరికి, అనువాదం దగ్గరికి వచ్చేసరికి చతికిలబడ్డాయి. ఆ ఎనిమిది భాషల్లో భారతీయ భాష ఒక్కటీ లేదు. మన భాషల్లో అలాంటి పరీక్ష చేయడానికి మన విశ్వవిద్యాలయాలకు ఏమి అడ్డం? కొనేముందు వంద పేజీల తెలుగు పెట్టి చూడడానికి ఎంత ఖర్చవుతుంది?

మాటలు మార్చడం గురించి ఒక్క విషయం. గియోమ్ కబనాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, మరో ఇద్దరు 2021లో కొన్ని విచిత్రమైన పదబంధాలను బయటపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని ఉండాల్సిన చోట కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్ అని, బ్రెస్ట్ క్యాన్సర్ అని ఉండాల్సిన చోట బూజమ్ పెరిల్ అని అచ్చయిన వ్యాసాలు అవి. ఎత్తి రాసినదాన్ని, సాఫ్ట్‌వేర్‌కు దొరక్కుండా, పర్యాయపదాలు వేసే ప్రోగ్రాముతో మార్చేశారు. అలాంటి వ్యాసాలు పేరున్న పత్రికల్లో కూడా అచ్చయ్యాయి. చదివిన మనిషికి మొదటి వాక్యంలోనే ఏదో తేడా ఉందని తెలియాలి. తెలియలేదంటే చదవలేదనే అర్థం.

జర్మనీలో 2011లో జరిగింది మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కార్ల్ థియోడర్ త్సు గుటెన్‌బెర్గ్ అప్పటి రక్షణ మంత్రి. బైరాయిట్ విశ్వవిద్యాలయం ఆయనకు అత్యున్నత శ్రేణిలో డాక్టరేటు ఇచ్చింది. బ్రెమెన్‌లో న్యాయశాస్త్రం బోధించే ఆండ్రియాస్ ఫిషర్ లెస్కానో అనే ఆచార్యుడు ఆ గ్రంథం మీద సమీక్ష రాయడానికి కూర్చున్నారు. చదువుతూ అనుమానం వచ్చిన వాక్యాలను గూగుల్‌లో వెతికారు. అలా మొదలైంది. ఉపోద్ఘాతం 1997లో ఒక జర్మన్ దినపత్రికలో వచ్చిన వ్యాసం నుంచి తీసుకున్నదని తేలింది. సంగతి బయటికి రాగానే ఎక్కడెక్కడివాళ్లో స్వచ్ఛందంగా ఒక వికీలో చేరి, పేజీ తర్వాత పేజీ మూలాలు వెతికారు. 393 పేజీల్లో 371 పేజీల మీద ఎత్తి రాసిన భాగాలున్నాయని తేల్చారు. 2011 మార్చి 1న మంత్రి రాజీనామా చేశారు. ఒక సమీక్షకుడు శ్రద్ధగా చదవడం వల్ల మొదలైన పని అది. నాకు ఆ ఉదంతంలో అన్నిటికన్నా నచ్చేది ఆ అజ్ఞాత పాఠకుల ఓపిక. ఎవరూ జీతం ఇవ్వలేదు, పేరు కూడా రాలేదు.

(వెనక వరుస నుంచి ఒక విద్యార్థిని: "సార్, పది లోపు వస్తే నిబంధన ప్రకారం తప్పు లేదు కదా? తొమ్మిది శాతం వచ్చినవాళ్లు కూడా భయపడాలా?")

మంచి ప్రశ్న అమ్మా. రెండు మాటలు చెబుతాను. నిజాయితీగా రాసినవాళ్లు తొమ్మిది వచ్చినా, పద్నాలుగు వచ్చినా భయపడనక్కర్లేదు. చట్టాల పాఠాలు, పద్యాలు, ప్రామాణిక పద్ధతుల వర్ణన, ఉపయుక్త గ్రంథాల జాబితా వల్ల అంకె పెరుగుతుంది. వీటిలో చట్టాలు, ఆధారం చూపిన ఉల్లేఖనలు, గ్రంథాల జాబితా వంటివాటిని మినహాయించాలని నిబంధనలే చెబుతున్నాయి. రెండోది, తొమ్మిది శాతం ఎక్కడుందో చూడాలి. మూడు వందల పేజీల గ్రంథంలో తొమ్మిది శాతం అంటే ఇరవై ఏడు పేజీలు. ఆ ఇరవై ఏడు పేజీలూ చివరి అధ్యాయమే అయితే? పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, నిర్ధారణలు పరిశోధకుడి సొంతమై ఉండాలని, వాటిలో సారూప్యం ఉండకూడదని అవే నిబంధనలు అంటున్నాయి. ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు, శాతాల పట్టిక మాత్రం అందరికీ కంఠతా వచ్చు. అందుకే గ్రంథంతోపాటు రిపోర్టు మొదటి పేజీ మాత్రమే జతచేయవద్దని నేను పట్టుబడతాను. మొత్తం రిపోర్టు ఉండాలి. ఏ మినహాయింపులు పెట్టారు, ఎన్ని పదాల లోపు పోలికలు వదిలేశారు, కొటేషన్లు తీసేశారా అన్నవి అందులో కనిపించాలి. కొటేషన్లు మినహాయిస్తారని తెలిసి పేరాలకు పేరాలు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టే అవకాశం కూడా ఉంది. కూర్చో అమ్మా.

పర్యవేక్షకులకు నా విన్నపం. అధ్యాయాలు చదవండి. ఒక్కసారి మొత్తం గ్రంథం వచ్చి పడ్డాక కాదు, అధ్యాయం రాయగానే చదవండి. మీ విద్యార్థి వాక్యం ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొట్టి వాక్యాలు రాసే పిల్లవాడు హఠాత్తుగా మూడో అధ్యాయంలో సంస్కృత సమాసాలతో పాతకాలపు విమర్శకుడిలా మాట్లాడితే అక్కడ ఆగండి. "ఇటీవల" అని రాసి 1978 నాటి పుస్తకం గురించి చెబుతున్నాడా, ఆగండి. ఒకే మనిషి పేరు రెండు అధ్యాయాల్లో రెండు వర్ణక్రమాల్లో ఉందా, మూలంలోని అచ్చుతప్పు అలాగే దిగిందా, ఆగండి. అనుమానం వచ్చిన చోట వాక్యం మొత్తం కాకుండా మారడానికి వీల్లేని ముక్కను పట్టుకోండి. ఊరి పేరు, ఇంటిపేరు, తేదీ, అరుదైన ఒక విశేషణం. ఆ మూడు నాలుగు మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. విభక్తి అంటుకోని రూపం పెడితే దొరికే అవకాశం ఎక్కువ. దొరికిన పేజీని వెంటనే, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషిన్‌లో భద్రం చేయండి, రేపటికి ఉంటుందో ఉండదో తెలియదు. లింకు చచ్చిపోయి ఉంటే పాత ప్రతి కోసం అక్కడే వెతకండి. అన్నిటికన్నా ముందు, ఆ అంశం మీద పనిచేసిన ఒక పెద్దమనిషికి ఫోను చేయండి. తెలుగులో ఏ పాత పత్రికలో ఏముందో జ్ఞాపకం ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు.

విద్యార్థులకు ఒకటే చెబుతాను. ఫేస్‌బుక్ పోస్టును, వీడియోను, ఫోనులో జరిగిన సంభాషణను కూడా పాదసూచికలో చూపించవచ్చు, చూపించాలి. పుస్తకం కాదు కదా అని వదిలేయవద్దు. మండల కేంద్రంలో బడిపంతులుగా పనిచేస్తూ సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి కైఫియత్తులు, స్థలపురాణాలు, పాటలు సేకరించి నెట్‌లో ఉచితంగా పెట్టేవాళ్లున్నారు. వాళ్లకు పదోన్నతి లేదు, గ్రాంటు లేదు. దక్కేది పేరొక్కటే. దాన్ని కూడా మనం తీసుకుంటే వాళ్లు ఎవరికి చెప్పుకోవాలి? వాళ్లు చెప్పుకున్నా, సాఫ్ట్‌వేర్ రిపోర్టు చూపించి నోరు మూయించే వ్యవస్థ మనది కాకూడదు.

ఇక ఈ గ్రంథాలయం చేయదలచినది చెప్పి ముగిస్తాను. తెలుగు గ్రంథాలను యూనికోడ్ ఫైలుగానే స్వీకరించాలని పాలకవర్గానికి రాస్తున్నాం. పాత ఫాంట్లలో టైపు చేసినవారికి మార్చుకునే ప్రోగ్రాములున్నాయి. మార్చాక వత్తులు, పొల్లులు చూసి దిద్దుకోవాలి, ఆ పనిలో మేము కూర్చుని సాయం చేస్తాం. ఇప్పటికే శోధ్‌గంగలో ఉన్న మన గ్రంథాలను కూడా శాఖల వారీగా మార్చడం మొదలుపెట్టాలని ఉంది. తెలుగు శాఖ నుంచి నలుగురు విద్యార్థులు ముందుకొస్తే వచ్చే నెలలో మొదలవుతుంది. పేర్లు బయట ఉన్న పుస్తకంలో రాయండి.

భోజనం తర్వాత కంప్యూటర్ గదిలో కలుద్దాం. ప్రతి ఒక్కరూ తమ అధ్యాయంలో ఒక పేజీ, ఆ పేజీకి వాడుకున్న మూలం ఒకటి వెంట తెచ్చుకోండి. రెండింటినీ ముందు నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూస్తాం, తర్వాతే సాఫ్ట్‌వేర్‌లో పెడతాం.